రెండో తుమ్ము

దస్తీకి గంజి పెట్టేవాళ్ళను ఏం చేయాలో నాకు ఇప్పటికీ తెలియదు. చీరకు పెట్టండి, అర్థం ఉంది. ధోవతికి పెట్టండి, నలుగురిలో నిలబడుతుంది. ముక్కు తుడుచుకునే గుడ్డకు గంజి ఎందుకు? మా కోడలు పెడుతుంది. పెట్టి, ఇస్త్రీ చేసి, మడతలు వేసి నా లాల్చీ జేబులో దోపుతుంది. అది జేబులో అప్పడంలా నిలబడి ఉంటుంది. ముక్కు తుడుచుకుంటే ముక్కు గీరుకుపోతుంది. చెమట తుడుచుకుంటే చెమట నుదుటి మీది నుంచి చెంప మీదికి జరుగుతుందే తప్ప పోదు.

ఆ రోజు పొద్దున కూడా దాని మీదే పంచాయితీ నడుస్తోంది.

"ఓ కోడలా, ఇది దస్తీయా, రేకు ముక్కా? దీనితోని గడ్డం గీసుకోవచ్చు."

"గంజి లేకుంటే పీలిక లెక్క వేలాడుతది మామా. మీరెట్లాగూ వంగిపోయిన్రు, దస్తీ అన్న నిటారుగ ఉండనియ్యున్రి," అంది.

నేను దస్తీ మడత విప్పుతుండగానే ఆమె చేతిలో ఫోన్ మోగింది. విన్నది. ఫోన్ నా చేతిలో పెట్టి గడప మీద కూర్చుండిపోయింది. అవతల ఆమె మేనమామ.

"అన్నా, మా చెల్లె పోయింది. పొద్దున లేవలే," అన్నాడు.

పోయిన మనిషి మా కోడలికి తల్లి, నాకు వియ్యపురాలు. సర్కారు బడిలో ఇంగ్లీషు టీచర్‌గా చేసి, ఆ తరువాత సముద్రం అవతల మాల్దీవుల్లో ఒక చిన్న దీవి మీద పిల్లలకు ఇంగ్లీషు చెప్పింది. సెలవులు వస్తే చాలు, ఒక్కతే సంచి భుజాన వేసుకొని ఏదో ఒక దేశం చూసి వచ్చేది. ఇక్కడ ఆమె దగ్గర చదువుకున్న పిల్లలంతా కలిసి ఆమె జ్ఞాపకంగా పుస్తకం వేస్తున్నారు. నన్నూ నాలుగు మాటలు రాయమన్నారు. నేను అయిదో తరగతి గట్టెక్కని కిరాణా దుకాణం వాణ్ణి. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. బాగున్నవన్నీ నావి, తప్పులన్నీ దానివి.

చావు కబురుకు ముందు దస్తీ గోల ఏమిటని కోపం చేసుకోకండి. మాటను ఫిర్యాదుతో మొదలుపెట్టాలని నేర్పింది ఆమే. మీలో ఆమె క్లాసులో కూర్చున్నవాళ్ళకు ఇది తెలుసు. పిల్లల్ని ఇంగ్లీషులో మీ ఊరి గురించి చెప్పమంటే బిక్కమొహం వేస్తారట. పక్కవాడి మీద ఫిర్యాదు చేయమంటే మాత్రం నోరు దానంతటదే తెరుచుకుంటుందట. అందుకే ఆమె క్లాసు మొదలయ్యేది ఫిర్యాదులతోనే. వీడు నా పెన్ను తీసుకున్నాడు, బస్సు ఆగకుండా పోయింది, పప్పులో ఉప్పు లేదు, అన్నీ ఇంగ్లీషులోనే. "తప్పు మాట్లాడితే దిద్దుత. మాట్లాడకుంటే దేన్ని దిద్దాలె?" అనేది. నాకూ ఫోన్‌లో అట్లాగే నేర్పింది. నాకు వచ్చిన మొదటి వాక్యం "టీ ఈజ్ కోల్డ్." రెండోది "డాటరిన్లా ఈజ్ నాట్ లిజనింగ్." ఈ రెండింటితో నా సంసారం హాయిగా గడిచిపోతోంది.

దీవికి వెళ్ళిన కొత్తలో ఫోన్ చేసి, "అన్నా, మన పిల్లలు బస్సు రాలేదని ఫిర్యాదు చేస్తరు, వీళ్ళు పడవ రాలేదని చేస్తరు. గంతే ఫరక్," అంది. "నీళ్ళెట్లున్నయి చెల్లె?" అని అడిగాను. ఫ్లోరైడు నీళ్ళ నల్లగొండ మనిషి ఎక్కడికి పోయినా ముందు అదే కదా అడగాలి. "ఎటు చూసినా నీళ్ళే, తాగేటందుకు లేవు. మన ఇంటి లెక్కనే ఉన్నది, ఫికర్ లేదు," అంది.

సరే, ఆ పొద్దుటికి వద్దాం. మేము కారు మాట్లాడుకొని బయలుదేరుతుండగా మనవరాలు ఫోన్ చేసింది. ఇది మహబూబ్‌నగర్‌లో హాస్టల్‌లో ఉండి బీఎడ్ చదువుతోంది. మరుసటి రోజు అమ్మమ్మా ఇదీ కలిసి ఆలంపూర్ పోవాలని అనుకున్నారు. సంచీ కూడా సర్దుకున్నారు.

"తాతా, నేను బస్సెక్కిన. నేనొచ్చేదాకా అమ్మమ్మను తీస్కపోనియ్యకు. ఒక్కసారి ముఖం చూడాలె."

"నేనుండంగ ఎట్ల తీస్కపోతరు బిడ్డా? నువ్వు నిమ్మలంగ రా," అన్నాను.

మాటయితే ఇచ్చాను. నల్లగొండలో ఇంటి ముందు దిగేసరికి పాడె కట్టడం సగం అయిపోయింది. మా కోడలి మేనమామ క్యాలెండరు గోడ మీది నుంచి తీసి చంకలో పెట్టుకొని అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"మూడింటికి వర్జ్యం పడుతది అన్నా. ఆలోపలనే లేపాలె. వర్జ్యంల లేపితే ఇంటికి మంచిది గాదు."

"పోరి వస్తాంది తమ్మీ, జర ఆగుదాం."

"యాడికొచ్చింది?"

ఫోన్ చేస్తే కల్వకుర్తి అంది. ఇంకా దేవరకొండ రావాలి, ఆ తరువాత నల్లగొండ. ఆయన క్యాలెండరు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "నేనేం చేయను అన్నా? పోరి ఒక్కదాని కోసం అందరికీ కీడు తేవాల్నా?" అన్నాడు. మంచి మనిషే. కానీ శకునం చూడకుండా గోరు కూడా తీసుకోడు. పిల్లి దారికి అడ్డం వచ్చిందని ఒకసారి తన సొంత కొడుకు పెళ్ళిచూపులకు ఆలస్యంగా వెళ్ళాడు.

మా వియ్యపురాలు మొదటిసారి దేశం దాటేటప్పుడు కూడా ఈయనే అడ్డం పడ్డాడు. తెలంగాణ వచ్చిన కొత్తలో. అప్పటికి మా వియ్యంకుడు పోయి కొంతకాలం అయింది. బిడ్డ మా ఇంటికి కోడలై చాలా ఏళ్ళయింది. ఆమె సర్కారు ఉద్యోగం రిటైరు కాకముందే వదిలేసి, దీవిలో టీచరు పని చూసుకుంది. మేనమామ పొద్దున్నే నా దుకాణానికి వచ్చాడు.

"అన్నా, ఆడమనిషి ఒక్కతి సముద్రం దాటుతదట. నలుగురు నవ్వరా? మేము చెప్తే వింటలేదు. బిడ్డనిచ్చిన ఇల్లు మీది, మీ మాటైతే తీసెయ్యదు. మీరే ఆపాలె."

నిజమే. నేను ఒద్దంటే ఆమె ఆగేది. బిడ్డ నా ఇంట్లో ఉంది మరి. అది ఆమెకూ తెలుసు. అందుకే నా మొహం చూడటానికి కూడా భయపడుతూ వారం రోజులుగా మా ఇంటి గడప తొక్కలేదు. "ఆపుత తమ్మీ, నాకిడిసిపెట్టు," అన్నాను.

బయలుదేరే రోజు ఇంటి ముందు కారు ఆగింది. చుట్టాలంతా చేరారు. ఆమె సంచి తీసుకొని గడప దాటి కాలు బయట పెట్టగానే నేను తుమ్మాను. దొంగ తుమ్ము. కానీ మంచి బలంగా తుమ్మాను. మేనమామ మొహం వెలిగిపోయింది. "ఆగు చెల్లె! అన్న తుమ్మిండు. వెనుకకు రా, కూసో, నీళ్ళు తాగు!"

ఆమె వెనక్కి వచ్చింది. కుర్చీలో కూర్చుంది. నీళ్ళు తాగింది. గ్లాసు మీది నుంచి నన్నే చూస్తోంది. నేను పాలు తాగిన పిల్లిలా ఆకాశం వైపు చూస్తున్నాను. ఏళ్ళ తరబడి పిల్లల దొంగ దగ్గులూ దొంగ కడుపునొప్పులూ చూసిన టీచరు ఆమె. ఆమె దగ్గర నా తుమ్ము ఎంత?

"అన్నా," అంది, "ఒక్క తుమ్మైతే ఆగాలె. రెండోది వస్తే శుభం, పోవాలె. మీకు ఇంకోటి వచ్చేటట్టున్నదా?"

అది అడిగిన తీరు నాకు ఇప్పటికీ కళ్ళ ముందుంది. నవ్వుతూనే అడిగింది, కానీ రెండో చెయ్యి సంచి పిడిని వదలలేదు. నేను మేనమామ వైపు చూశాను. ఆయన ఒద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. నేను ముక్కు ఎగబీల్చి, మొదటిదానికంటే పెద్దది ఇంకొకటి తుమ్మాను.

"పోయిరా చెల్లె," అన్నాను. మేనమామ నాతో చాలా రోజులు మాట్లాడలేదు.

అప్పటి నుంచి అదొక ఆనవాయితీ అయింది. ఎక్కడికి పోయినా ముందు ఫోన్ చేసేది. "అన్నా, లంకకు పోతున్న. తుమ్మేదుంటే ఇప్పుడే తుమ్మున్రి." నేను ఫోన్‌లో రెండు తుమ్ములు తుమ్మేవాణ్ణి. మొదటిదానికి అవతల నీళ్ళు తాగేది, రెండోదానికి సంచి అందుకునేది. లంకలో తేయాకు కొండల మీద రైలెక్కింది. మలేషియాలో ఎవరి ఇంట్లోనో పెళ్ళి భోజనం చేసింది. ఇస్తాంబుల్‌లో దారి తప్పి, ఇంకా మంచి జాగా చూసింది. "దారి తెల్వకుంటే చిన్నపిల్లలను అడగాలె అన్నా. పెద్దోళ్ళు తెల్వకున్నా చెప్తరు," అనేది. సంచి ఎప్పుడూ చిన్నదే. "తేలికగుంటేనే ఎవరన్న ఏమన్న ఇస్తే పడుతది," అనేది.

పోయిన ప్రతి దేశం నుంచీ నాకు ఒక దస్తీ తెచ్చేది, నా తుమ్ముల కోసం. లంక దస్తీ మీద ఏనుగులు. మలేషియాది పువ్వులది. ఇస్తాంబుల్‌ది చుట్టూ అల్లికతో ఎంత బాగుండేదో! నేను దాన్ని జేబులో సగం బయటికి కనబడేటట్టు పెట్టుకొని ఒక పెళ్ళికి పోయి, అందరికీ ఎదురుపడి మరీ చూపించాను. ఆ తరువాత తెలిసింది, అది ఆడవాళ్ళ దస్తీ అని. అడిగితే, "మీకు చెప్తే పెట్టుకోరు కదా అన్నా," అంది. ఏడిపించడంలో నాకు సాటి వచ్చిన మనిషి ఆమె ఒక్కతే.

కరోనా కాలంలో దీవిలో చిక్కుకుపోయింది. పడవలు లేవు, విమానాలు లేవు. సెలవులొచ్చాయి గానీ పోయే జాగా లేదు. ఒకరోజు ఫోన్ చేసి, "ఎటూ పోతలేను అన్నా. అయినా ఒకసారి తుమ్మున్రి, పోయినట్టుంటది," అంది. ఆ రోజుల్లో ఇంట్లో తుమ్మితే పెళ్ళాం కూడా పక్క గదిలోకి పారిపోయేది. నేను ఫోన్ పట్టుకొని గడ్డివాము వెనక్కి పోయి రెండు తుమ్ములూ తుమ్మి వచ్చాను. ఆమె అవతల చాలాసేపు నవ్వింది. తరువాత ఆ దీవి చుట్టూ ఒక చుట్టు నడిచి వచ్చిందట.

పోయేముందు రోజు కూడా ఫోన్ చేసింది. సెలవులకు నల్లగొండ వచ్చి ఉంది.

"ఇన్ని దేశాలు తిరిగిన, మన ఆలంపూర్ చూడలేదంటే నవ్వుతరు అన్నా. ఎల్లుండి మీ మనుమరాలూ నేనూ పోతున్నం. తుమ్మున్రి."

"ఆలంపూర్‌కు తుమ్మెందుకు చెల్లె? గీడనే కదా! పాస్‌పోర్టు అడిగే జాగలకే నేను తుమ్మేది."

"సరే, వచ్చినంక చెప్త మీ సంగతి," అంది.

అట్లా ఆమెను నేను తుమ్మకుండా పంపింది ఆ ఒక్కసారే.

ఇంటి ముందు అంతా సిద్ధమైంది. మనవరాలికి ఫోన్ చేస్తే దేవరకొండ ఇప్పుడే దాటామని ఏడుస్తోంది. మూడు కావడానికి ఇంకా కాసేపే ఉంది. మేనమామ సైగ చేశాడు. డప్పు మొదలైంది. నలుగురు పాడె మీద చెయ్యి వేశారు. నాకు కళ్ళు మసకబారాయి. తుడుచుకుందామని జేబులోంచి ఆ గంజి దస్తీ తీసి దులిపాను. ఆ గంజి పొడి ముక్కులోకి పోయిందో ఏమో, తుమ్ము వచ్చింది. అట్లాంటి ఇట్లాంటి తుమ్ము కాదు. డప్పు ఆగిపోయింది. పాడె మీద పెట్టిన చేతులు వెనక్కి పోయాయి.

"పీనుగకు శకునమేందయ్యా? లేపున్రి!" అని పక్కింటి ముసలమ్మ కసిరింది.

మేనమామ కదల్లేదు. చెల్లెలి మొహం మీది ఈగను తువ్వాలతో తోలాడు. "యాడికైతేంది అవ్వా? ప్రయాణం ప్రయాణమే. ఆగున్రి," అన్నాడు. ఆ తరువాత నా దగ్గరికి వచ్చి, "అన్నా, రెండోది వస్తదేమో చూడున్రి," అన్నాడు.

అందరూ నా ముక్కు వైపే చూస్తున్నారు. నేను ఎండ వైపు మొహం పెట్టాను. ముక్కు నలుచుకున్నాను. "వస్తాంది తమ్మీ... దగ్గరికొచ్చింది... అరే, మళ్ళ లోపలికి పాయె," అన్నాను. ఈలోపు మూడయింది. వర్జ్యం పడింది. ఇక అది విడిచేదాకా గంటన్నర ఆగాల్సిందే. డప్పు వాళ్ళు చాయ్ తాగడానికి పోయారు. మా కోడలు నా చేతిలో దస్తీ వైపు తప్పు చేసినదానిలా చూస్తోంది.

తుమ్మితే నీళ్ళు ఇవ్వాలి కదా. మేనమామే గ్లాసుతో నీళ్ళు తెచ్చి, తులసాకుతో చెల్లెలి పెదాలు తడిపాడు. మళ్ళీ లేవలేదు. అక్కడే కింద కూర్చున్నాడు.

"అన్నా, యాడయాడ పోయింది గిది?" అని అడిగాడు.

"నీకు చెప్పలేదా?"

"నేనడిగితే కదా చెప్పేది."

నేను దస్తీల లెక్కన చెప్పుకుంటూ వచ్చాను. ఏనుగుల దస్తీ, పువ్వుల దస్తీ, ఆడవాళ్ళ దస్తీ. దారి తెలియకపోతే చిన్నపిల్లలను అడిగేదని చెప్పగానే ఆయన నవ్వాడు. నవ్వు మధ్యలోనే తువ్వాల నోట్లో కుక్కుకున్నాడు.

"చిన్నప్పుడు జాతరల నేను తప్పిపోయిన అన్నా. నేను పెద్దోణ్ణి, గిది చిన్నది. గిదే పోరగాళ్ళను అడుక్కుంట వచ్చి నన్ను దొరకబట్టింది. 'ఏడ్వకు అన్నా, దారి నాకెరుకే' అన్నది. గప్పటిసంది గిదానికి దారి ఎరుకేనని నాకు తెల్సు. తెల్సి గుడ ఆపజూసిన," అన్నాడు.

వర్జ్యం ఇంకా విడవకముందే ఆటో ఆగింది. మనవరాలు హాస్టల్ చెప్పులతోనే పరుగెత్తుకొచ్చింది. అమ్మమ్మ పక్కన కూలబడి, చెయ్యి పట్టుకొని, ఏడుపు మధ్య ఒక్క మాట అంది. "యూ డిడ్ నాట్ వెయిట్ ఫర్ మీ."

చుట్టూ ఉన్నవాళ్ళలో చాలామందికి అది అర్థం కాలేదు. నాకు అయింది. నాకొచ్చిన ఇంగ్లీషు అదొక్కటే, ఫిర్యాదు. టీచరుంటే ఆ వాక్యంలో దిద్దాల్సింది ఏమీ లేదని మెచ్చుకునేది.

వర్జ్యం విడిచింది. తుమ్ము సంగతి ఎవరు చెప్పారో, మనవరాలు లేచి నా దగ్గరికి వచ్చి, చెవి దగ్గర, "తాతా, ఇగ ఇంకోటి," అంది.

దస్తీ మళ్ళీ దులిపాను, మొదట రాలేదు. ఆ తరువాత వచ్చింది. "రెండోది వచ్చింది! శుభం. లేపున్రి," అని మేనమామ గట్టిగా అన్నాడు. ముందు భుజం ఆయనే పట్టాడు.

అస్థికలు ఎక్కడ కలపాలన్నప్పుడు ఎవరో దగ్గరలో కృష్ణ ఉంది కదా అన్నారు. "లేదు, ఆలంపూర్‌ల, తుంగభద్రల కలుపుదాం. గిది పోదామనుకున్న జాగ," అన్నాడు మేనమామ. బయలుదేరే రోజు కారులో ముందు సీటులో కూర్చొని, కుండ ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆమె సర్దుకున్న చిన్న సంచి వెనక మనవరాలి భుజానికి ఉంది. కారు కదలబోతుంటే ఆయనే అద్దం దించి నన్ను పిలిచాడు.

"అన్నా, తుమ్మేదుంటే ఇప్పుడే తుమ్మున్రి. దారిల తుమ్మితే ఆపేది లేదు."

రెండూ తుమ్మాను.

ఇక ఒక్క ముచ్చట మిగిలింది. ఆ రోజు నుంచి మా కోడలు దస్తీలకు గంజి పెట్టడం బంద్ చేసింది. తన గంజి వల్లే కన్నతల్లి పాడె ఆగాల్సి వచ్చిందని లోలోపల కుములుతోంది. నా దస్తీలు ఇప్పుడు వెన్నలా ఉన్నాయి. ముక్కుకు ఇంత సుఖం ఎన్నడూ లేదు. అందుకే ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు. కానీ పుస్తకం అచ్చుకు పోతోంది కనుక చెప్పేస్తున్నాను. గంజిది ఏ పాపమూ లేదు. మనవరాలి ఫోన్ రాగానే, కారెక్కకముందే, మా ఇంటి క్యాలెండరులో వర్జ్యం ఎప్పుడు పడుతుందో చూసుకున్నాను. ఎప్పుడు తుమ్మితే అది పడేదాకా లాగవచ్చో లెక్క వేసుకొని, సమయానికి తుమ్మాను.

"నిజంగ రాయాల్నా తాతా?" అని మనవరాలు నవ్వుతోంది. రాయి బిడ్డా. మీ అమ్మ చదవనీ, మేనమామ తాత చదవనీ. దండెం మీద లంక దస్తీ ఆరేసి ఉంది, మెత్తగా, ఏనుగులన్నీ గాలికి ఊగుతూ. రేపటి నుంచి అవి మళ్ళీ గంజి తాగి, కదలకుండా, నిటారుగా నిలబడి, ఎవరు తుమ్ముతారా అని చూస్తుంటాయి.